మూడో కన్నం

మైకు మళ్ళీ మొరాయించింది.
ఈ వారంలో ఇది నాలుగోసారి.

అవతలి దీవిలో, రాతిగోడ సందులో
అరచేతిలో ఇమిడేంత తుఫాను పిట్ట
ఒకే ఒక్క పిల్లను దాచుకుంది.
ఆ గూటి గుమ్మంలో మా మైకు.
మైకుకి తీగ, తీగకి హబ్,
హబ్‌కి అగ్గిపెట్టెంత కంప్యూటరు, ఒక మోడెం,
అక్కణ్ణించి సముద్రం మీదుగా
టోర్స్‌హౌన్‌లో, బేకరీ మీది గదిలో, నేను.

పడవ హేరాల్వుర్‌కి ఫోన్ చేశాను.
"కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాను,
నా వేళ్ళు నాకే కనిపించట్లేదు" అన్నాడు.
పొగమంచు దిగితే ఇక్కడ అంతే,
సముద్రం ఉందని చెవులతో నమ్మాలి.

మనిషి వెళ్ళగలిగితే ఎంత పని?
తీగ పీకి, ఐదు లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చడం.
మా అమ్మమ్మ రేడియో నెత్తిన ఒక్కటిచ్చేది,
అదీ ఈ వైద్యమే.
చెయ్యి అందని చోటికి
అక్షరాలతో చెయ్యి అల్లి పంపాలి.

పోయినేడు కొన్న హబ్ ఒట్టి అబద్ధాలకోరు.
ఆపమంటే, ఆపేశానండీ, అనేది వినయంగా.
జాబితాలోంచి మైకు పేరు చెరిగిపోయేది.
తీరా బల్ల మీద చూస్తే
ఎర్రదీపం కొండెక్కకుండా
గుడ్లప్పగించి నన్నే చూస్తూ ఉండేది.
మాట మానేసింది గానీ తిండి మానలేదు,
అలిగిన పిల్లాడు దుప్పటి కింద
రొట్టె నములుతున్నట్టు.

పలకరింపు ఆపడం వేరు, కరెంటు ఆపడం వేరు.
ఏడు హబ్‌లు కొంటే
ఆరింటికి ఆ తేడా తెలీదు.
ఏడోది పాత సామాన్ల కొట్లో దొరికింది,
ఒళ్ళంతా గీతలు, మాట మీద మాత్రం నిలబడేది.
మూడో కన్నం ఆపు అంటే
మీటరు ముల్లు సున్నా దాకా వచ్చి పడుకునేది.
ఆ రాత్రి నేనూ పడుకున్నాను.

ఇవాళ, పదకొండున్నరకి:
మూడో కన్నం ఆపు. ఐదు సెకన్లు ఆగు. మూడో కన్నం వెలిగించు.
ఒకే వరుసలో రాసి మీట నొక్కాను.

తెర బిగుసుకుంది.
మినుకుమినుకుమనే గీత మినుకు మానేసింది.

అప్పుడు గుర్తొచ్చింది.
ఏప్రిల్‌లో హబ్ తడిసిందని
హోగ్ని వెళ్ళి వేరేది పెట్టొచ్చాడు,
వానలో, కొయ్యబారిన వేళ్ళతో.
కన్నాలు నాలుగు, లోపల మీట ఒక్కటే.
ఒకటి ఆపితే నాలుగూ ఆగుతాయి.
నాలుగోదాంట్లో మోడెం.

నేను నడిచి వెళ్ళిన దారిని
అవతలి గట్టున నిలబడి నేనే తెంచేశాను.
కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఏమిటో
చెట్లే లేని ఈ ఫారో దీవుల్లో
నాకిప్పుడు తెలిసింది.

ఇక అక్కడ నేను లేను.
నా వాక్యంలో రెండో సగం ఉంది, అంతే.
చీకట్లో ఒంటరిగా ఐదు లెక్కపెడుతోంది,
లేదా లెక్కపెట్టడం లేదు.
నేను తెగిపోయినా నువ్వు ఆగకు
అన్న ముక్క ముందు చేర్చానా?
చేర్చాననే అనుకుంటున్నాను.
చేర్చానా?

కింద బేకరీలో పిండి కలిపే యంత్రం మొదలైంది.
గది నేల సన్నగా వణికింది.
ఐదు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి.
మోడెం లేచి, ఒళ్ళు విరుచుకుని,
కొండ మీది టవరును వెతుక్కోవాలి కదా
అని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను.
కాఫీ చల్లారింది. తాగాను.

నాలుగో నిమిషం దాటాక
తెర మీద ఒక్క అక్షరం.
తర్వాత వరసంతా.

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.
ముందు గాలి.
గాలి వెనక, రాతి లోపల,
ఎవరో చిన్న రాట్నం తిప్పుతున్నట్టు గురగుర,
మధ్యలో ఒక ఎక్కిలి, మళ్ళీ రాట్నం.
తల్లి వచ్చింది.
వేల సందులున్న గోడలో
దీపం లేకుండా, ఎవరూ పిలవకుండా,
తన కన్నం తనకి దొరికింది.

హోగ్నికి ఏమీ అనలేదు.
మోడెంకి వేరే తీగ, అని చీటీ రాసి
పడవ సంచీకి పిన్ను పెట్టాను.

రెండు గంటలకి గురగుర ఆగింది.
గాలి కూడా ఆగింది.
చెవుల్లో ఏమీ లేదు.

పిల్ల నిద్రపోయిందా,
మైకు మొరాయించిందా?

మూడో కన్నం ఆపు, అని రాశాను.
మీట మీద వేలు పెట్టి
అలాగే ఉండి
తీసేశాను.